స్నానాల గదిలో నిప్పు ఎందుకు?

మా ఇంటి రాగి బాయిలర్ ఈ చలికాలం మొదట్లో కారడం మొదలుపెట్టింది. ముప్పై ఏళ్ళకు పైగా దుమ్ముగూడెంలో మా పెరటి గోడ పక్కన, మూడు రాళ్ళ మీద నిలబడి నీళ్ళు కాచిన బాయిలర్ అది. నడిమి గొట్టంలో నాలుగు కట్టె పేళ్ళు వేసి అంటిస్తే అరగంటలో ఇంటిల్లిపాదికీ సరిపడా నీళ్ళు మరిగేవి. అడుగున మాటు వేయించాను. పది రోజులు తిరక్కముందే ఇంకో చోట చెమ్మ కనిపించింది. మాటు వేసినాయన వేలితో నొక్కి చూసి, "రేకు పల్చబడిపోయింది సార్, ఇక నిలవదు" అన్నాడు.

అడవిలో కట్టె ఏరుకొచ్చే ఓపిక ఇంట్లో ఎవరికీ లేదు. పొగకి మా అమ్మ కళ్ళు పాడయ్యాయి. కాబట్టి గ్యాస్ గీజర్ కొందామని నిర్ణయించుకున్నాం. అక్కడిదాకా ఇంట్లో గొడవేమీ లేదు. దాన్ని ఎక్కడ బిగించాలన్నది వచ్చేసరికి మాత్రం ఊరంతా ఒకే మాట మీద నిలబడింది. అమ్మిన షాపాయన, బిగించడానికొచ్చిన ప్లంబరు, చూడవచ్చిన మా బావ, ఎదురింటి పెద్దాయన అందరూ "బాత్రూంలోనే" అన్నారు. ఇంకో చోటు ఉంటుందన్న ఆలోచనే ఎవరికీ రాలేదు. నేను పెరటి గోడ చూపిస్తే ప్లంబరు, "బయట ఎవరు పెట్టుకుంటారు సార్? భద్రాచలంలో వంద ఇళ్ళలో పెట్టిన, ఒక్కటి కూడా బయట లేదు" అన్నాడు.

ఆ వంద ఇళ్ళ గురించే నా భయం. ఇది మా ఒక్క ఇంటి తగాదా అయితే రాసే పని లేదు. ఏజెన్సీ పల్లెల్లో కూడా కట్టెపొయ్యి పోయి గ్యాస్ వస్తున్న రోజులివి. కట్టె బాయిలర్ పోయిన ప్రతి ఇంట్లో దాని స్థానంలోకి వచ్చే పెట్టెను నేరుగా స్నానాల గదిలోకి తీసుకుపోతున్నారు. ఆ అలవాటు తప్పని నా అభిప్రాయం. చిన్న తప్పు కాదు, ప్రాణం తీసే తప్పు.

నాలుగేళ్ళ కింద మా దగ్గరి బంధువుల ఇంట్లో, వేరే ఊళ్ళో, పద్నాలుగేళ్ళ పిల్ల తలస్నానానికి వెళ్ళి ఎంతకీ బయటికి రాలేదు. నీళ్ళ చప్పుడు వినబడుతూనే ఉంది. పిలిస్తే పలకలేదు. తలుపు గొళ్ళెం విరగ్గొట్టి చూస్తే నేల మీద పడి ఉంది. గోడకి గీజర్ మండుతూనే ఉంది. ఆ పిల్ల బతికింది. కానీ తీసుకెళ్ళిన మొదటి ఆస్పత్రిలో ఫిట్స్ అన్నారు. మూడు నెలలు ఫిట్స్ మందులు మింగించారు. రెండోసారి అదే గదిలో తూలి పడబోతే, అప్పుడు ఇంకో డాక్టరు అడిగాడు, "మీ బాత్రూంలో గ్యాస్ గీజర్ ఉందా?" అని. ఆ ఒక్క ప్రశ్న మొదటి రోజే ఎవరైనా అడిగి ఉంటే బాగుండేది. అంతకు ముందే, బిగించే రోజున ఇంకెవరైనా అడిగి ఉంటే ఇంకా బాగుండేది.

ఇది ఆ పిల్ల ఒక్కదాని కథ అనుకోకండి. మన దేశపు నాడీవైద్యులు దీనికి పేరే పెట్టేశారు, గ్యాస్ గీజర్ సిండ్రోమ్ అని. దక్షిణాదిలో, ముఖ్యంగా కర్ణాటకలో, తల మీద వేడి నీళ్ళు పోసుకుంటే ఫిట్స్ వచ్చే జబ్బు ఒకటి విడిగా ఉంది. రెండూ స్నానాల గదిలోనే జరుగుతాయి కాబట్టి ఒకదాన్ని చూసి ఇంకొకటనుకోవడం తేలిక. ఒక రకం మనిషి ఒంట్లోని జబ్బు. రెండో రకం గోడకు మనం బిగించినది.

గోడకు బిగించినది ఏం చేస్తుందో లెక్క వేసి చూద్దాం. ఈ విషయంలో నాకు కోపం తెప్పించేది అదే, ఎవరూ లెక్క వేయరు. నిమిషానికి ఆరు లీటర్ల నీళ్ళని చలికాలంలో ఒంటికి పట్టే వేడికి తేవాలంటే, అంటే పాతిక డిగ్రీలు పెంచాలంటే, గీజరు గంటకు సుమారు కిలో గ్యాస్ చొప్పున కాల్చాలి. కిలో గ్యాస్ పూర్తిగా మండడానికి దాదాపు 15 కిలోల గాలి కావాలి. ఘనమీటర్లలో చెబితే 12, 13. ఒక మనిషి పది నిమిషాలు స్నానం చేస్తే గీజరు 2 ఘనమీటర్ల గాలిని తాగేస్తుంది. మన స్నానాల గది ఎంత? ఐదడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవు, ఎనిమిదడుగుల ఎత్తు. మొత్తం ఏడు ఘనమీటర్లు కూడా లేదు. అందులో డ్రమ్ము, బకెట్లు, మనిషి. బయటి నుంచి కొత్త గాలి రాకపోతే, ఒక్క స్నానానికే గదిలోని గాలిలో మూడో వంతుకు దగ్గరగా మంటకు పోతుంది. మామూలు గాలిలో 21 శాతం ఉండాల్సిన ఆక్సిజన్ 15 వైపు జారుతుంది. ఇద్దరు పిల్లలు ఒకరి వెనక ఒకరు వెళితే, రెండో పిల్ల లోపలికి అడుగు పెట్టేసరికే గాలిలో మూడో వంతు చచ్చిపోయి ఉంటుంది.

ఆక్సిజన్ తగ్గిన మంట నీళ్ళు కాచడం మానదు. అరకొరగా మండుతుంది. అలా మండినప్పుడు పుట్టేది కార్బన్ మోనాక్సైడ్. రంగు లేదు, వాసన లేదు, కంట నీరు తెప్పించదు, దగ్గు రాదు. మన నెత్తురులో ఆక్సిజన్‌ని మోసే హిమోగ్లోబిన్‌కి అది ఆక్సిజన్ కన్నా రెండు వందల రెట్లకు పైగా గట్టిగా అతుక్కుంటుంది. గాలిలో అది 0.16 శాతం ఉంటే చాలు, ఇరవై నిమిషాల్లో తలనొప్పి, కళ్ళు తిరగడం, వికారం మొదలవుతాయి. అక్కడే ఉండిపోతే రెండు గంటల లోపు ప్రాణం పోతుంది. ఎక్కువైతే ఈ తలనొప్పి, వికారం ఏవీ ఉండవు. కాళ్ళు ముందు పడిపోతాయి. తలుపు గొళ్ళెం తీయాలన్న ఆలోచన వచ్చేసరికి చెయ్యి లేవదు.

కట్టెపొగకి ఈ గుణం లేదు. కట్టెపొగలో కూడా ఇదే విషవాయువు ఉంటుంది, నిజమే. కానీ కట్టె మండితే కళ్ళు మండుతాయి, దగ్గు వస్తుంది, మనిషి పరిగెత్తి బయటపడతాడు. అందుకే మా పెద్దలు నీళ్ళపొయ్యిని ఇంట్లోకి రానివ్వలేదు. ఏ కోయగూడెంలోనైనా చూడండి, స్నానానికి నీళ్ళు కాచే మూడు రాళ్ళు వాకిట్లోనో దడి పక్కనో ఉంటాయి. చలి మంటకు నెగడు వేసేది కూడా ఆరుబయటే. దాన్ని వెనకబాటు అని మా బావ అన్నాడు. "అన్నీ ఇంట్లోకే వస్తున్నయ్ కదా, నీళ్ళ కోసం ఇంకా బయటికి పోయేదేంది?" అని. బావా, లోపలికి రావాల్సింది నీళ్ళు. నిప్పు రానక్కర్లేదు. ఈ రెండింటినీ విడదీయడానికే కదా పైపు ఉన్నది!

ఇక బాత్రూంలోనే పెట్టమనే వాళ్ళ వాదాలు ఒక్కొక్కటిగా చూస్తాను.

అందరూ ముందు చెప్పేది కిటికీ. "వెంటిలేటర్ ఉంది కదా, గాలి ఆడుతుంది" అంటారు. నిజంగా తెరిచి ఉంటే ఆడుతుంది. మా ప్రాంతంలో స్నానాల గది వెంటిలేటర్ ఎన్ని ఇళ్ళలో తెరిచి ఉంటుందో చూద్దాం. భద్రాచలం ఏజెన్సీ అంటేనే మలేరియా. దోమ రాకుండా జాలీ కొడతారు. జాలీకి రెండేళ్ళలో దుమ్ము పట్టి మూసుకుపోతుంది. చలి ఎక్కువైతే పాత క్యాలెండర్ అట్ట అడ్డం పెడతారు. ఆడపిల్లలున్న ఇంట్లో చాటు కోసం గుడ్డ కడతారు. కోతులు చెయ్యి పెట్టి సబ్బు ఎత్తుకుపోతుంటే పలక వేసేస్తారు. పాము వస్తుందని సిమెంటు పెట్టి కట్టేసిన ఇల్లు కూడా చూశాను. చివరికి గ్యాస్ ట్యూబు లోపలికి వచ్చే కంత ఒక్కటి మిగులుతుంది, దాని చుట్టూ గుడ్డ కుక్కుతారు. వీళ్ళలో ఏ ఒక్కరినీ నేను తప్పుపట్టను. దోమకి, చలికి, కోతికి, పాముకి, పరాయి కంటికి భయపడే మనిషి కిటికీ మూస్తాడు. మూయడానికి ఇన్ని కారణాలున్న కిటికీని నమ్ముకుని దాని పక్కన మంట పెట్టమనే వాళ్ళదే తప్పు. గీజరు ఎక్కువగా వాడేది ఎప్పుడు? పుష్య మాఘ మాసాల్లో, గోదావరి మీంచి మంచు లేచే తెల్లవారుజామున. కిటికీ గట్టిగా మూసి ఉండేదీ అప్పుడే.

రెండోది ఎగ్జాస్ట్ ఫ్యాన్. ఇది చదువుకున్న వాళ్ళ మాట. ఫ్యాన్ కరెంటు మీద తిరుగుతుంది. గ్యాస్ గీజర్ కరెంటు మీద ఆధారపడదు. టార్చిలైటులో వేసుకునే లాంటి రెండు బ్యాటరీలతో నిప్పురవ్వ పుట్టించుకుంటుంది. చెట్టు కొమ్మ తీగ మీద పడి మా ఫీడరు పోయిందనుకోండి, ఫ్యాన్ ఆగిపోతుంది, మంట ఆగదు. కరెంటు ఉన్నప్పుడైనా ఫ్యాన్ ఒక్కటే చాలదు. తలుపు కింద సందు మూసి ఉంటే అది లాగడానికి బయటి గాలి ఎక్కడి నుంచి వస్తుంది? గీజరుకి పొగగొట్టం ఉంటే ఇంకా ప్రమాదం, ఆ గొట్టంలోంచే గాలిని వెనక్కి లాగి, బయటికి పోవాల్సిన విషాన్ని గదిలోకి తెస్తుంది. జాగ్రత్త అనుకుని పెట్టుకున్న ఫ్యానే విషాన్ని లోపలికి తెచ్చినట్టు.

మూడోది యంత్రం మీద నమ్మకం. "ఇప్పుడొచ్చేవి ఇరవై నిమిషాలకి వాటంతటవే ఆరిపోతాయి సార్" అన్నాడు షాపాయన. ఆరిపోతాయి, ఒప్పుకుంటాను. కుళాయి ఒకసారి కట్టి మళ్ళీ తిప్పితే ఆ ఇరవై నిమిషాల లెక్క మళ్ళీ మొదటి నుంచి మొదలవుతుంది. స్నానం చేసేవాడు సబ్బు రుద్దుకునేటప్పుడు కుళాయి కట్టడా? ఆక్సిజన్ తగ్గితే ఆపే సెన్సరున్న రకాలు కూడా ఉన్నాయి. ఉంటే మంచిదే. కానీ అదే కంపెనీల సూచనల పుస్తకాల్లో, గాలి ఆడని చోట, మూసిన స్నానాల గదిలో బిగించవద్దని రాసి ఉంటుంది. ఆ పుస్తకం పెట్టెలోంచి తీసి, ప్లంబరు చేతికి ఇచ్చి చదివించే ఇల్లు ఎక్కడుంది? అట్టపెట్టెతో పాటే అటక మీదికి పోతుంది.

వాసనొస్తే తెలుస్తుందనే మాట ఒకటుంది. దీని వల్ల ఎంత నష్టం జరుగుతోందో చెప్పలేను. సిలిండరులోని గ్యాస్‌కి సొంతంగా వాసన ఉండదు. లీకైతే తెలియాలని మెర్కాప్టాన్ అనే ఘాటైన పదార్థం కలుపుతారు. అది లీకు సంగతి. కాలిన తర్వాత వచ్చే వాయువులో ఆ వాసన మిగలదు. లీకు లేదు కాబట్టి క్షేమం అనుకున్న వాళ్ళే నేల మీద పడి దొరుకుతున్నారు.

దగ్గర, దూరం వాదం ఇంకొకటి. "బయట పెడితే వేడి నీళ్ళు రావడానికి యుగం పడుతుంది, నీళ్ళూ గ్యాసూ దండగ." మా పెరటి గోడ నుంచి బాత్రూం కుళాయికి పైపు ఆరు మీటర్లు. అరంగుళం పైపులో మీటరుకి పట్టేది ఐదో వంతు లీటరు లోపే. ఆరు మీటర్లకి లీటరు, కాస్త ఎక్కువ. నిమిషానికి ఆరు లీటర్లొచ్చే గీజరుకి ఆ చల్లనీళ్ళు వెళ్ళగొట్టడానికి పది పదకొండు సెకన్లు చాలు. ఆ లీటరు నీళ్ళు బకెట్లో పడితే పారబోసే పని కూడా లేదు. పైపు మీద నల్లటి ఫోమ్ తొడుగు వేస్తే దారిలో వేడి పోదు. పదకొండు సెకన్ల కోసం ఒక పిల్ల ఊపిరిని పందెం కాయమని అడుగుతున్నారు.

వాస్తు సంగతి పొడిగించను. అగ్నికి ఆగ్నేయం అంటారు. సరే, ఆగ్నేయం ఇంటి ఆవరణకి కూడా ఉంటుంది కదా, ఆ మూల గోడ బయటి వైపు పెట్టండి. శాస్త్రం తప్పలేదు, నిప్పు లోపలికి రాలేదు.

వానకి తడుస్తుంది, గాలికి ఆరిపోతుంది, కోతులు పీకేస్తాయి అన్న అభ్యంతరాల్లో మాత్రం నిజముంది. బయట పెట్టడమంటే గోడకు కొట్టి వదిలేయడం కాదు. పైన రేకు చూరు దింపాలి. మూడు పక్కల ఇటుక కట్టో, ఇనుప జాలీ పంజరమో ఉండాలి. అడుగున, పైన గాలి పోయే ఖాళీ వదలాలి. మా దగ్గరి పర్ణశాల కోతుల్ని ఎరిగిన వాళ్ళెవరూ పైపుల్ని వేలాడదీసి వదలరు. దీనికి అయ్యే ఇనుము, కూలి కలిపినా ఆస్పత్రిలో ఒక రాత్రి ఖర్చుకు సరిపోదు. జపాన్‌లో అపార్టుమెంట్లలో సైతం గ్యాస్ హీటర్లు బాల్కనీలో, బయటి గోడకి ఉంటాయి. అక్కడ పడే మంచుతో పోల్చితే మా ఊరి వాన ఎంత?

బ్రిటన్ సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే ఈ పెట్టె పుట్టింది అక్కడే. 1868లో లండన్‌లో బెంజమిన్ వాడీ మాన్ అనే పెయింటరు గ్యాస్‌తో అప్పటికప్పుడు నీళ్ళు కాచే పరికరం చేసి దానికి గీజర్ అని పేరు పెట్టాడు. ఐస్‌లాండ్‌లో నేలలోంచి ఎగజిమ్మే వేడినీటి బుగ్గ పేరు అది. ఆ మొదటి గీజరుకి పొగగొట్టం లేదు. కాలిన వాయువంతా స్నానం చేసేవాడి గదిలోకే వచ్చేది. ఆ దేశం దాన్నుంచి నేర్చుకుంది. 1998 గ్యాస్ భద్రతా నిబంధనల ప్రకారం అక్కడ స్నానాల గదిలో మామూలు గ్యాస్ పరికరం బిగించడానికి వీల్లేదు. గాలిని బయటి నుంచే తీసుకుని, కాలిన వాయువును బయటికే వదిలేలా, గది గాలితో సంబంధమే లేకుండా మూసిన రకం అయితేనే అనుమతి. వాళ్ళు వదిలించుకున్న ఏర్పాటును మనం 2020లలో కొత్త సౌకర్యం అనుకుని గోడకి తగిలించుకుంటున్నాం.

మా చుట్టుపక్కల బాయిలర్లు లేక కాదు, జాగ్రత్త తెలియక కాదు. గోదావరి ఆ ఒడ్డున మణుగూరు దగ్గర భద్రాద్రి థర్మల్ కేంద్రం ఉంది, ఒక్కోటి 270 మెగావాట్ల యూనిట్లు నాలుగు. సారపాకలో కాగితం మిల్లుంది. ఆవిరి బాయిలర్ల కోసం ఈ దేశంలో 1923 నుంచి చట్టం ఉంది, 2025లో దాని స్థానంలో కొత్త చట్టం తెచ్చారు. తనిఖీ లేకుండా అక్కడ మంట వెలిగించరు. కొత్తగూడెం భూగర్భ గనుల్లో విషవాయువు కొలవకుండా మనుషుల్ని పనికి దింపరు. గనిలో పనిచేసి రిటైరైన మా పక్కూరి పెద్దాయన ఒకాయన నా మాట విని వెంటనే అన్నాడు, "గాలి చూడకుండ దిగొద్దని మాకు మొదటి రోజే చెప్పిండ్రు." ఆయన ఇంట్లో కూడా గీజరు బాత్రూంలోనే ఉంది. ఆ మాట అన్నాక కాసేపు ఆయన ఏమీ మాట్లాడలేదు. ఇంటి నీళ్ళ బాయిలరుకి ఆ చట్టం వర్తించదు, ఇన్‌స్పెక్టరు రాడు. దాన్ని ఎక్కడ పెట్టాలో నిర్ణయించేది పైపు ఎంత మిగులుతుందో చూసుకునే ప్లంబరు.

ప్లంబర్ల మీద నాకు ద్వేషం లేదు. ఆయనకి ఎవరూ నేర్పలేదు. నేర్పాల్సింది అమ్మేవాళ్ళు, సిలిండరు ఇచ్చేవాళ్ళు, ఇల్లు కట్టించే ప్రభుత్వం. 2024 మార్చి 11న ఇందిరమ్మ ఇళ్ళ పథకాన్ని మొదలుపెట్టింది మా భద్రాచలంలోనే. ఇంటికి ఐదు లక్షల సాయం. కొత్త గోడలు లేచేటప్పుడే బయటి గోడకి గీజరు నిలిపే చోటు, లోపలికి పైపు దూరే కంత వదిలితే పైసా ఎక్కువ కాదు. గోడ లేచాక పగలగొట్టడానికి ఎవరూ ఇష్టపడరు, అందుకే లోపల బిగిస్తారు. ఇది ఇంజినీర్లు తలచుకుంటే అయ్యే పని. వాళ్ళు తలచుకోవాలని అడుగుతున్నాను.

"అంత భయమైతే కరెంటు గీజరు పెట్టుకో" అని ఒకరు అన్నారు. అది న్యాయమైన మాటే. కరెంటు గీజరు గాలి తినదు, విషం కక్కదు. దాన్ని స్నానాల గదిలో పెట్టడానికి నాకు అభ్యంతరం లేదు. నేల నుంచి ఎత్తున, నీళ్ళు చిమ్మని చోట, సరైన ఎర్తింగుతో, 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీకే కరెంటు తెంపే స్విచ్చితో ఉంటే చాలు. మా వీధిలో ఎర్తింగు గుంతలో ఉప్పూ బొగ్గూ వేసి ఎన్నేళ్ళయిందో ఎవరికీ గుర్తులేని ఇళ్ళున్నాయి. తెల్లవారుజామున వోల్టేజి పడిపోతే అది నీళ్ళు కాచేసరికి బడి బస్సు వెళ్ళిపోతుంది. స్లాబు ఇల్లయితే సోలారు ఇంకా మంచిది. మాది పెంకుటిల్లు. గ్యాస్ వద్దని నేను అనడం లేదు. ఏది కొనుక్కున్నా, మండేదైతే బయట ఉండాలి అంటున్నాను.

గోదావరి ఒడ్డు వాళ్ళకి చోటు గురించి ఇంకో లెక్క ఉంది. భద్రాచలం దగ్గర నీటిమట్టం 1986 ఆగస్టులో 75.6 అడుగులకి, 2022 జూలైలో 71.3 అడుగులకి వచ్చింది. మూడో ప్రమాద హెచ్చరిక ఇచ్చేది 53 అడుగులకే. వరద గుర్తు గోడ మీద ఉన్న ఇళ్ళు మా మండలంలో చాలా ఉన్నాయి. గీజరుని ఆ గుర్తుకి పైన బిగించాలి. సిలిండరు సంగతి చాలామందికి తెలియదు. 14.2 కిలోల సిలిండరు నిండుగా ఉన్నా ఖాళీ ఇనుముతో కలిపి ముప్పై కిలోలే. దాని లోపలి పరిమాణమే 33 లీటర్లకు పైన. అంటే నిండు సిలిండరు కూడా నీళ్ళలో తేలుతుంది, ట్యూబుని లాగుతూ వరదతో పోతుంది. బయట పెడితే కొట్టుకుపోతుంది కాబట్టి లోపలే మంచిదన్న వాదం ఇక్కడి నుంచే వస్తుంది. లోపల పెట్టినా తేలుతుంది, పైగా అక్కడ గ్యాస్ బయటికి పోదు. గాలి కన్నా బరువు కాబట్టి నేల మీదే మడుగు కడుతుంది. గోడకి కొండీ వేసి, చేత్తో విప్పగలిగే గొలుసుతో కట్టి, నీళ్ళొస్తున్నాయని దండోరా వినగానే రెగ్యులేటరు తీసి సిలిండరుని మిట్టకు చేర్చాలి. ఇది బయట ఉంటేనే వీలవుతుంది.

ఆస్పత్రి దూరం కూడా చోటు నిర్ణయంలో భాగమే. కార్బన్ మోనాక్సైడ్ పట్టిన మనిషికి మందు ఒక్కటే, స్వచ్ఛమైన ఆక్సిజన్. మామూలు గాలి పీలుస్తూ ఉంటే నెత్తురులోని ఆ విషం సగానికి తగ్గడానికి నాలుగైదు గంటలు పడుతుంది. మాస్కు పెట్టి ఆక్సిజన్ ఇస్తే గంటా గంటన్నర. మాకు పెద్దాస్పత్రి భద్రాచలంలో, రమారమి పాతిక కిలోమీటర్లు. వరద రోజుల్లో ఆ రోడ్డు ఏదో ఒకచోట మునుగుతుంది. ఇంకో మాట కూడా ఆశా కార్యకర్తలు, ఇంట్లో పెద్దలు గుర్తుపెట్టుకోవాలి. కరోనా కాలంలో కొన్న, వేలికి తగిలించే ఆక్సీమీటరు ఈ విషాన్ని పట్టుకోలేదు. ఆక్సిజన్ మోస్తున్న హిమోగ్లోబిన్‌కీ విషం మోస్తున్న దానికీ తేడా దానికి తెలియదు. మనిషి స్పృహ తప్పి ఉన్నా అది 98 చూపించవచ్చు. అది చూసి బాగానే ఉందనుకుని మంచం మీద పడుకోబెట్టకండి. తలుపులు తెరిచి, గ్యాస్ ఆపి, బయటికి మోసుకొచ్చి 108కి ఫోన్ చేయండి, గీజరు సంగతి డాక్టరుకి మీరే ముందు చెప్పండి.

ఇప్పటికే లోపల బిగించుకున్న వాళ్ళు ఏం చేయాలని అడుగుతారు. మార్చండి. మార్చే రోజు దాకా, బకెట్లు, డ్రమ్ము తలుపు తెరిచి నింపుకుని, గీజరు ఆపి, సిలిండరు కట్టేసి, గది గాలి మారాక స్నానానికి వెళ్ళండి. మంట వెలుగుతుండగా లోపల గొళ్ళెం పెట్టుకోకండి. పిల్లలకి ఈ మాట అర్థమయ్యేలా చెప్పండి. బాలింతలకి, ముసలివాళ్ళకి నీళ్ళు తోడి పెట్టండి.

మా ఇంట్లో చివరికి పెరటి గోడే ఖాయమైంది. రాగి బాయిలర్ నిలబడిన చోటికి నాలుగడుగుల ఎడంగా, 2022 వరద గుర్తుకి రెండు జానల పైన మేకులు దిగాయి. మా ప్లంబరు అయిష్టంగానే గోడకి కంత పెట్టాడు. పైపు తొడుగు వేసేటప్పుడు మాత్రం నన్ను పిలిచి అడిగాడు. "ఆ పిల్ల ఇప్పుడు బాగుందా సార్?" బాగుందని, ఇంటర్ రెండో సంవత్సరం చదువుతోందని, పరీక్ష దగ్గరపడితే ఇంకా తలనొప్పి అంటుందని చెప్పాను. డ్రిల్లింగ్ మిషను కింద పెట్టి, తను లోపల బిగించిన ఇళ్ళ వాళ్ళ ఫోన్ నంబర్లు తన దగ్గర ఉన్నాయో లేవో చూసుకోవడం మొదలుపెట్టాడు.